నాడి ఆడుతూనే ఉంది

అరవైల చివరిరోజులు. బొగ్గింజను పాసింజరు బండిలో వెళ్తున్నాం. నా ఒళ్లో నెలన్నర పిల్ల, పక్కన మా అమ్మ. కొత్తవలసలో ఎక్కి ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నన్ను కాసేపు చూసి అడిగింది.

"ఏటమ్మా, అస్తమానూ పిల్ల ముక్కు కాడ వేలెడతన్నావు?"

"పుట్టగానే ఏడవనేదండి, ఒళ్లంతా నీలమైపోనాది. అస్ఫిక్సియా అన్నారు. మళ్లీ ఊపిరాగిపోతాదేమోనని భయం."

ఆవిడ మిషను ఆసుపత్రిలో డాక్టరుగా చేసి రిటైరైందట.

"అది గ్రీకు మాటమ్మా. నాడి ఆడకపోవడమని అర్థం. ఊపిరాడకపోతే నాడీ ఆగిపోతాదనుకొని ఎనకటోళ్లు ఆ పేరెట్టేసినారు. కానీ ఊపిరాగినా నాడి కొంతసేపు ఆడతాది. నీ పిల్లకి ఆడబట్టే బతికినాది. ఇక్కడ సూడు."

నా వేలు పట్టుకుని, పిల్ల మోచేతికి పైన లోపలివైపు ఆనించింది. చిన్నగా, వడివడిగా కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

పురుడు పోసుకున్నాక నేను కంటినిండా నిద్రపోయింది ఆ బండిలోనే. ఆవిడ విజయనగరంలో దిగిపోయిందట. పేరైనా అడగలేదు. నెల్లిమర్ల దాటాక, పిల్ల పాలకోసం పెట్టెంతా వినబడేలా ఏడిస్తే మెలకువొచ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్వానని, అమ్మ బతికున్నన్నాళ్లూ అందరికీ చెప్పేది.