వేదిక కింది గొంతు

చిక్కడపల్లి వాణీ నాటకమందిరంలో అరుంధతి కూర్చునే చోటు ప్రేక్షకులకు కనబడదు. వేదిక ముందంచున, సరిగ్గా నడుమ, మూడడుగుల లోతు గుంట. దాని మీద చాట బోర్లించినట్టు టేకు చెక్క గొడుగు. పగలు బడిలో తెలుగు పాఠం, సాయంత్రం ఆ గుంటలో కూర్చుని నటులు మరిచిన మాట అందించడం. బడి నుంచి రిటైరైనా ఈ పని మాత్రం మానలేదు. ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

2012లో కమిటీ వాళ్లు మందిరం మరమ్మతులకు పూనుకున్నారు. కొలతలు తీయడానికి వచ్చిన ఇంజనీరు అనుదీప్ గుంటను చూసి, "దీన్ని పూడ్చేస్తం మేడం. ఇప్పుడు మైకులున్నయి గద," అన్నాడు.

"పూడ్చుదువు గాని, జర ఆ వేదిక మీద నిలబడు నాయనా."

మోకాళ్లు పట్టుకుని మెల్లగా లోపలికి దిగి, గుసగుసగా అతని పేరు పిలిచింది. చెవి పక్కనుంచి పిలిచినట్టు అనుదీప్ ఉలిక్కిపడ్డాడు. ముందు వరసలో కూర్చున్న వాచ్‌మన్ రాములుకు మాత్రం ఏమీ వినపడలేదు.

"యాభై ఎనిమిదిల కట్టిన్రు. చెక్కకు గీ వంపు కుదిరేదాక మేస్త్రీ నాలుగుసార్లు విప్పి బిగించిండట. గొంతు పెంచితే మాత్రం వెనక గోడకు తాకి, ఆ వాలు కప్పు కింద హాలంత తిరుగుతది. అందుకే నేనెన్నడు గట్టిగ మాట్లాడలే," అంది అరుంధతి.

అనుదీప్ ఆ వంపు కొలిచి రాసుకున్నాడు కానీ, నిర్ణయం కమిటీదేనన్నాడు.

మరమ్మతులకు ముందు చివరి నాటకం. విశ్వేశ్వరరావుది ముసలి స్టేషన్‌మాస్టరు వేషం. భార్య పోయాక ఒంటరిగా గదిలో ఆమెతో మాట్లాడుకుంటాడు. డెబ్బై దాటిన విశ్వేశ్వరరావు తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డవాడు. ఏడాదిగా చెవులు మందగించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

రెండో అంకంలో ఆయన ఆగిపోయాడు. అరుంధతి మాట అందించింది. కదలలేదు. మళ్లీ అందించింది. ఆయన కళ్లు శూన్యంలో వెతుకుతున్నాయి. హాల్లో ఎవరో దగ్గారు. తన గుసగుస ఆయనకు వినపడటం లేదని అరుంధతికి అర్థమైంది.

'నువ్వు నాటిన మల్లెపాదు ఈ ఏడూ పూసింది' అన్నది ఆయన చెప్పాల్సిన మాట. అది గట్టిగా అందిస్తే పోయేది ఆయన పరువే. అరుంధతి పుస్తకం మూసి, గొంతెత్తి అడిగింది.

"నేను నాటిన మల్లెచెట్టు ఈయేడు పూసిందా?"

తొందరలో అది ఇంట్లో మాట్లాడే యాసలోనే వచ్చింది. గొంతు వెనక గోడకు తాకి హాలంతా పరుచుకుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక జనం కప్పు వంక చూశారు.

విశ్వేశ్వరరావు ముఖంలోకి వెలుగొచ్చింది. "పూసింది. నువ్వు లేవని దానికెవరు చెబుతారు?" అన్నాడు.

"మరి నువ్వు యాళ్లకు తింటున్నవా?"

"ఒక్కణ్ణే కూర్చుంటే ముద్ద దిగడం లేదే."

ఆ అంకమంతా అలాగే నడిచింది. ఆమె అడగడం, ఆయన చెప్పడం. తెర పడ్డాక విశ్వేశ్వరరావు వంగి చేయి అందించి ఆమెను పైకి లాగాడు.

చివరి వరసలో కూర్చుని నాటకం చూసిన అనుదీప్ మర్నాడే కమిటీ దగ్గరికి వెళ్లాడు. మూడు మీటింగులు పట్టింది కానీ గుంట మిగిలింది. ఆమె మోకాళ్ల కోసం లోపల రెండు మెట్లు, పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా పెట్టించాడు.

ఆ వారమే అరుంధతి విశ్వేశ్వరరావును వెంటబెట్టుకుని నారాయణగూడ వెళ్లి చెవి మిషన్ ఇప్పించింది. తిరిగొస్తూ ఇరానీ హోటల్లో చాయ్ తాగడానికి కూర్చున్నారు.

"ఇన్నేళ్లూ మీరు నాకు ఎవరెవరివో మాటలు అందించారు," అన్నాడాయన కప్పు దించి. "మీ సంగతి ఒక్కటీ అడగలేదు. మీది ఏ ఊరండీ అరుంధతిగారూ?"

"గిప్పుడు అడుగుతున్నరా!" అరుంధతి నవ్వింది. "మాది భువనగిరి పక్కన. మా నాయిన గుమాస్తా. పెద్ద కథనే ఉన్నది, ఓపికున్నదా మరి?"

ఆయన ఇంకో రెండు చాయ్ చెప్పాడు.