ప్రొజెక్టర్ ఆయన కడుపుమంట

రోజూ సాయంత్రం మైదానంలో తెల్లగుడ్డ కట్టి, పాతకాలపు ప్రొజెక్టర్ హ్యాండిల్ చేత్తో తిప్పుతూ ఆయన మూకీ సినిమా ఆడిస్తాడు. వేగం తప్పకుండా లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటాడు. హీరో జనంవైపు తిరిగి నవ్వే నవ్వు ఎనిమిది లెక్కపెట్టేంత సేపుంటుంది. అంతసేపూ ముందు వరసలో ఆయన భార్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మురిసిపోతుంది. తనని ఏనాడూ అలా చూడలేదని ఆయనకి కడుపుమంట. "రెక్కలు నావి, సోకులు వాడివీనా!" అని నిన్న పళ్లు కొరికి హ్యాండిల్ గిరగిరా తిప్పేశాడు. నాలుగు లెక్కపెట్టేసరికి నవ్వు అయిపోయింది.

"ఏంటండీ, పాపం అతన్ని కుక్క తరిమినట్టు పరిగెత్తించారు?" అంది భార్య ఇంటికొచ్చాక.

"చెయ్యి నొప్పి. తొందరగా కానిచ్చేశా."

"అయ్యో, చెప్పరేం!" అని ఆవిడ నూనె వెచ్చచేసి, భుజం నుంచి వేళ్లదాకా ఓపిగ్గా రాసింది. ఇక హీరో ఊసే ఎత్తలేదు.

ఇవాళ ఆ నవ్వు రెండు లెక్కపెట్టేసరికే అయిపోయింది.