గుజ్జు సూది వద్దన్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మొన్న తెల్లవారుతూనే ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నరసన్నపేటలో బస్సు దిగి, ఆటోలో ఊరికి వెళ్ళేసరికి ఆమెను వీధి అరుగు మీద పడుకోబెట్టారు. చుట్టూ చేరిన పెద్దమనుషులు దేని గురించి మాట్లాడుకుంటున్నారో తెలుసా? మోకాలి ఇంజెక్షన్ల గురించి! ఎవరిది ఎన్నాళ్ళు పనిచేసింది, ఎక్కడ వేయించుకుంటే మంచిది. "మన మాట ఇని ఇంకోటి పొడిపించుకుంటే ఇంకా తిరిగేది, పాపం" అన్నాడొకాయన. ఛీ అనిపించింది. గుండె ఆగిన మనిషి మోకాళ్ళకు సలహా చెప్పే తెలివి మావాళ్ళకే ఉంది.

పెద్దమ్మకు వరినాట్లంటే ప్రాణం. మావైపు వాటిని ఉభాలంటాం. నాటే ఆడవాళ్ళ వరసలో గట్టువారన మొదటి మనిషి ఆమే. ఆమె చెయ్యి చూసుకునే తక్కినవాళ్ళు నాటేవారు. ఎవరిదైనా వంకరపోతే ఆ పూట చీవాట్లే. చదువుకోసం వాళ్ళింట్లో ఉన్న నన్ను మాత్రం గట్టు మీదికి పిలిచి, చద్దన్నం ముద్దలు కలిపి పెట్టేది. ఆ చేతి అన్నం తినే ఇంతవాణ్ణయ్యాను.

వరసలో ఆ మొదటి చోటు పోతుందేమోనన్నదొక్కటే ఆమె భయం. మోకాళ్ళు అరిగాక టౌనులో ఎముకల డాక్టరు ఇంజెక్షన్ చేశాడు. నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుందనీ, అరిగింది తిరిగి రాదనీ, బురదలో వంగవద్దనీ చెప్పాడు. మా ఊళ్ళో మొదటి మాట తప్ప ఎవరు వింటారు? నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్టే. ఉభాల ముందు ట్రాక్టరుకు ఆయిల్ మార్పించినట్టు, ఆడవాళ్ళను ఆటోలెక్కించి మోకాళ్ళకు సూదులు వేయించుకొస్తారు, మర్నాడే మడిలో దింపుతారు. పెద్దమ్మా అలాగే దిగింది. నాట్లు పూర్తయ్యేసరికి మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి.

ఆ తర్వాత కేంపు పెట్టానంటూ టై కట్టుకుని ఒకడు దిగాడు. చేతిలో ప్లాస్టిక్ మోకాలు. దాన్ని మడిచి చాపి తెగ మురిసిపోయాడు.

"ఈ గుజ్జు ఇంజెక్షన్‌తో అరిగిన గుజ్జంతా మళ్ళీ ఊరుతుందమ్మా" అన్నాడు.

"ఊరడానికి అదేటి, నుయ్యా?" అంది పెద్దమ్మ.

"మీరు పరుగెడతారు!"

"పరిగెట్టి నానెక్కడికెల్లాల? మడిలో వంగాల, లెగాల. అది సెప్పు ముందు."

వాడు ప్లాస్టిక్ మోకాలు మరోసారి మడిచి చూపించబోయాడు. పక్కనే ఉన్న ఆమె కొడుకు, మా అన్నయ్య, "అమ్మా, డాక్టరుగారితో అలాగేటి మాటలు?" అని గింజుకున్నాడు. టై కట్టినవాడల్లా మా అన్నయ్యకు డాక్టరే.

"నీకు ఉభాలకి మనిసి కావాల. ఆడికి పొడవడానికి మోకాలు కావాల. నాకేటి కావాలో ఒక్కడైనా అడిగినాడేట్రా?"

ఆమె ఇంక ఏ సూదీ వేయించుకోలేదు.

కిందటి వానాకాలం ఆమెను గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేనూ వెళ్ళాను. మొదటి చోట ఎవరో కొత్తపిల్ల. వరస అష్టవంకర్లు పోతోంది. "ఒలే, సూసి నాటండే! మేకలు తొక్కినట్టున్నాది!" అని పెద్దమ్మ అరిచింది. కుర్చీలో కూర్చున్న ముసల్దాని మాట ఎవరికి పట్టింది? ఒకత్తె కిసుక్కున నవ్వింది కూడా.

పెద్దమ్మ చేతికర్ర పారేసింది. కుర్చీ పట్టుకుని మెల్లగా జారి, మడిలో చతికిలబడింది. నడుందాకా బురద. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. అన్నయ్య లేపబోయాడు.

"సెయ్యెయ్యకు. ఆకుకట్ట ఇలాగిసురు."

అన్నయ్య విసిరిన నారుకట్ట అందుకుని, కాళ్ళు రెండూ ఒక పక్కకు చాపుకుని, కూర్చునే వెనక్కి జరుగుతూ నాటడం మొదలుపెట్టింది. నొప్పికి పళ్ళు బిగపట్టింది గాని చెయ్యి ఆపలేదు. నాకు ఏడుపొచ్చేసింది. కాసేపటికి కొత్తపిల్ల పక్కకు తప్పుకుంది. అందరూ ఆమె చేతివైపే చూసి వంగారు. ఆమె ఒక్కో జానెడు వెనక్కి జరిగేకొద్దీ, ముందు పచ్చటి ఆకు తిన్నగా నిలబడుతోంది.