కన్ను మూసింది ఎవరు?

మా అమ్మ ఖరగ్‌పూర్‌లో ఆసుపత్రిలో ఉన్న రోజులవి. రాత్రి తమ్ముడు, పగలు నేను తోడుండేవాళ్లం. ఒక ఆదివారం పొద్దున్న నేను బయల్దేరబోతుంటే, మావారు బాల్కనీలో గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడుతున్నారు.

"పెంచినకొద్దీ పాడైపోయిందిరా. ఆఖరికి కన్ను మూసేసింది. ఇప్పుడే ఎవరికీ సెప్పకు, గోలైపోద్ది."

బాల్కనీలోకి పరుగెత్తాను. "ఫోన్లో తమ్ముడేనా? అమ్మకేటైంది? నిజం సెప్పండి!"

ఆయన తెల్లబోయారు. "మీ అమ్మేటి? ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డు గురించి మా స్నేహితుడితో అంటన్నాను!"

ల్యాప్‌టాప్ తెచ్చి చూపించారు. పొడుగాటి యూఎస్‌బీ తీగలో సిగ్నల్ నీరసిస్తే, రీడ్రైవర్ అనే చిప్ దానికి మళ్లీ బలమిస్తుందట. ఎంత బలమివ్వాలో చెప్పేదే గెయిన్. సిగ్నల్ బాగుంటే తెరమీద తెరిచిన కన్నులాంటి బొమ్మ వస్తుందట. గెయిన్ మరీ పెంచేసరికి సిగ్నల్ చెదిరిపోయి ఆ కన్ను మూసుకుపోయిందట.

రైల్వే లైబ్రరీలో సైన్సు పుస్తకాలన్నీ చదివినదాన్ని. నాకిది అతకలేదు. "బలమిస్తే కన్ను తెరుచుకోవాలి గానీ మూసుకోడమేటి? కథలు సెప్తన్నారు!"

ఆయన మళ్లీ ఫోనెత్తి, "గెయిన్ ఒక మెట్టు దించి బొమ్మ పంపరా," అన్నారు. వచ్చిన బొమ్మలో కన్ను చక్కగా తెరుచుకుంది. దాన్నీ నమ్మక, తమ్ముడికి ఫోన్ చేసి అమ్మకిమ్మన్నాను.

"ఏటే, ఇంకా బయల్దేరలేదా? ఆకలేస్తంది," అంది అమ్మ.

అక్కడే కూలబడి ఏడ్చేశాను. నేను చదివిన చదువంటే నాకిప్పటికీ గర్వమే. ఆ పొద్దున్న మాత్రం, ఆయన చెప్పిన నిజాన్ని నాకు అబద్ధంలా చూపించింది ఆ చదువే.