తాటిదూలం మీద కుదిరిన రాజీ

నా చిన్నప్పుడు మా పేట పిల్లలు బడికి వెళ్ళాలంటే కాలవ మీద వేసిన తాటిదూలం దాటాలి. ఎనభైలలో ఒక ఏడు అది మధ్యలో పుచ్చిపోయింది. అడుగు వేస్తే కిందికి వంగేది. పంచాయతీలో మన మనిషి ఉంటే గాని వంతెన రాదని, పేటవాళ్ళంతా కలిసి మా అమ్మను వార్డు మెంబరుగా నిలబెట్టాలనుకున్నారు.

అది తెలిసి అవతలి ఒడ్డు నుంచి రైసుమిల్లు ఆసామి వచ్చారు. వాళ్ళ వీధిలో జనం తక్కువ, మా ఇళ్ళు కలిస్తే తప్ప దానికి వార్డు రాదు. కలిస్తేనేమో ఓట్లు మావే ఎక్కువ. అందుకని తన తమ్ముణ్ణి ఏకగ్రీవం చేస్తే వంతెన వేయిస్తానన్నారు. బడిపంతులుగా రిటైరైన మా తాతయ్యతో ఎంతో మెత్తగా మాట్లాడారు.

"మనలో మనకి పోటీ ఎందుకండి మాస్టారూ? మీ అబ్బాయి కౌలు సంగతి కూడా నేను చూసుకుంటాను కదండి."

మా నాన్న చేసే పొలం ఆయనదే. అమ్మ టీ గ్లాసులతో తలుపు వెనకే నిలబడిపోయింది. అరుగు మీద తాతయ్య సరేనని తల ఊపారు.

వంతెన వస్తుందని నేను గంతులేస్తుంటే, తాతయ్య పక్కన కూర్చోబెట్టుకుని అమెరికా కొత్తగా దేశమైనప్పటి సంగతి చెప్పారు. చట్టసభలో జనాన్ని బట్టి సీట్లు కావాలని పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానంగా ఇమ్మని చిన్న రాష్ట్రాలు పట్టుబట్టాయట. చివరికి ఒక్కో పద్ధతికి ఒకటి చొప్పున రెండు సభలు పెట్టుకుని రాజీపడ్డారట. బాగానే ఉంది కదా అన్నాను.

"బాగానే ఉందమ్మా. కాకపోతే బానిసల్ని ఐదుగురుంటే ముగ్గురిగా లెక్కేశారు. ఆ లెక్కకి పెరిగిన సీట్లు వాళ్ళని కొనుక్కున్న దొరలకెళ్ళాయి. బానిసలకి ఓటు లేదు, వాళ్ళనెవరూ అడగనూ లేదు. ఇవాళ మనింట్లో ఎవర్ని అడగలేదో చెప్పు?"

నేను తలుపు వైపు చూశాను. తాతయ్య అటు చూడలేకపోయారు.

ఆసామి తమ్ముడు ఏకగ్రీవంగా మెంబరయ్యాడు. వంతెన రాలేదు. ఆ ఏటి వానలకి కాలవ ఎర్రగా పొంగి దూలాన్ని లాక్కుపోయింది. బడిపిల్లలు ఇళ్ళకు చేరిన కాసేపటికే పోయింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు నాకూ మనవలు ఉన్నారు. ఎక్కడైనా అందరూ ఒప్పుకున్నారంటే సంతోషించడం నాకు చేతకాదు. తలుపు వెనక ఎవరు నిలబడ్డారో లేచి వెళ్ళి చూసొస్తాను.