పరగడుపు మాత్ర

నల్గొండ బస్టాండులో పల్లిపట్టీల బెల్లం వాసన తగిలితే ఇప్పటికీ ఆగి నిలబడిపోతాను. అలాంటి ముక్కనే ఒకప్పుడు నేనొక మనిషి చేతిలోంచి గుంజుకున్నాను.

ఆమె సంజీవమ్మ టీచర్. ఎనభైల చివర, నకిరేకల్ దగ్గరి బడిలో నేను కొత్తగా చేరినప్పుడు పాఠం చెప్పడం నేర్పింది ఆమే. కూలికి పోయే ఇంట్లో పుట్టి, చర్చి బడిలో చదువుకుని టీచరైన మనిషి. రిజిస్టర్ తెరవకుండానే క్లాసంతా హాజరు పిలిచేది. "పేరు యాదికుంటేనే పిల్లగాడు మనోడైతడు బిడ్డా," అనేది.

రిటైర్మెంటుకు రెండేళ్ళుందనగా ఆమెకు షుగరొచ్చింది. మాత్ర పరగడుపున వేసుకోమన్నాడట డాక్టరు. పసరు మందుకున్నట్టే దీనికీ పథ్యం అనుకుంది పాపం. ఆరింటికి మాత్ర వేసుకుని, నల్గొండలో బస్సెక్కి, ఒంటిగంట దాకా ఉత్త మంచినీళ్ళతో గడిపేది. తింటే మందు పనిచెయ్యదని ఆమె నమ్మకం. నాకూ నిజమే అనిపించింది, చదువుకున్న దద్దమ్మను.

కొన్నాళ్ళకు పొద్దటి హాజరులో పేర్లు తారుమారయ్యాయి. ఎదుట కూర్చున్న పిల్లలను వాళ్ళ తండ్రుల పేర్లతో పిలిచేది. ఆ తండ్రులూ ఒకప్పుడు ఆమె దగ్గర చదివినవాళ్ళే. పిల్లలు నవ్వేవారు, ఆమె నుదుటి నిండా చెమట. అన్నం తిన్నాక మాత్రం ఒక్క పేరూ తప్పేది కాదు. అది చూసి, పొద్దున్నదంతా నాటకమని స్టాఫ్‌రూములో అన్నది ఎవరో కాదు, నేనే. ఒకరోజు ఓ పిల్ల ఇచ్చిన పల్లిపట్టీని వణికే చేత్తో నోటిదాకా తెచ్చుకుంటే లాక్కున్నాను. "షుగరున్నోళ్ళు తీపి ముట్టద్దు టీచరమ్మా," అన్నాను. ఆమె బుద్ధిగా తలూపింది. నాటకమన్న నేనే, ఆ వారం హెడ్మాస్టరు అడిగితే, ఆమెకు మతి నిలవడం లేదని కాగితం కూడా రాసిచ్చాను. పిల్లల పేర్లే లోకమైన మనిషిని క్లాసు నుంచి తీసేసి, రిజిస్టర్లకు గీతలు కొట్టే పనిలో కూర్చోబెట్టారు.

కొద్దిరోజులకే వరండాలో పడిపోయింది. నేనే దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు సంగతంతా విని నామీద విసుక్కున్నాడు. "మెదడుకు చక్కెరే తిండి. మాత్ర ఒంట్ల చక్కెరను దించుతది, ఏసుకున్నంక అర్ధగంటల తినాలె. రోజూ మెదడును తిండి లేకుంట ఎండబెట్టిన్రు గదమ్మా."

గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచింది కానీ, పోయిన పేర్లన్నీ తిరిగి రాలేదు. చివరిసారి వాళ్ళింటికి చూడబోతే నా ముఖంలోకి చాలాసేపు చూసింది. పేరు దొరకలేదు.

"నాకు తీపి వద్దన్న పిల్లవు గదా," అంది. "నా మంచికే చెప్పినవు బిడ్డా."

తిట్టినా బాగుండేది. ఇప్పుడు నాకూ షుగరే. సంచిలో పల్లిపట్టీ పెట్టుకునే తిరుగుతాను. చెమటలు పట్టి మాట తడబడితే ఒక ముక్క నోట్లో వేసుకుంటాను. పది నిమిషాల్లో పేర్లన్నీ తిరిగొస్తాయి. ఆ రోజు ఆమెకూ ఆ ముక్కే సరిపోయేది.