అంచు మీద నిలిచిన విలువ

హైదరాబాద్ సెమినార్‌లో నా ప్రసంగం అయ్యాక చివరి ప్రశ్న అడగడానికి లేచింది నా రూమ్మేటే. ఆర్మూరు పక్కన పెర్కిట్‌లో, పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టే షెడ్డు మీది గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. పీహెచ్‌డీలో నాకంటే ఏడాది వెనక. లెక్కలు కలిసే చేసేవాళ్లం.

పదార్థాన్ని ప్రతిపదార్థంగా మార్చి, అద్దంలోలా కుడిఎడమలు తిప్పినా ప్రకృతి నియమాలు మారవనిపిస్తుంది. కానీ కొంచెం మారతాయి. ఆ తేడా ఎక్కడ పుడుతుందన్నదే మా పని. సూపర్‌సిమెట్రీ ఉన్న స్ట్రింగ్ నమూనాల్లో మొదట తేడా ఉండదు. కంటికందని అదనపు దిశలు ముడుచుకున్న ఆకారంలోంచి అది పుట్టవచ్చు. ఆ ఆకారాన్ని ఒక సంకీర్ణ సంఖ్య చెబుతుంది. ఒకే ఆకారానికి చాలా సంఖ్యలు ఉంటాయి కాబట్టి, ఒక్కోదాన్ని ఒక్కసారే లెక్కించేలా హద్దు గీసుకుని ఆ లోపలే వెతుకుతాం. మా నమూనాలో అది ఏ విలువ దగ్గర నిలుస్తుందో నేను కనుక్కున్నాను. అద్దంలో తిప్పితే వేరే సంఖ్య వచ్చింది. తేడా దొరికిందనుకున్నాను.

మాకొక కట్టుబాటు ఉండేది. ఒకరు చేసిన లెక్కను రెండోవాడు చూడకుండా మొదటినుంచి చేయాలి, తర్వాతే పక్కపక్కన పెట్టుకోవాలి. ఈసారి వాడింకా చేస్తుండగానే నేను స్లైడ్లు తయారు చేశాను.

వాడు మైకు తీసుకున్నాడు. "ఆ విలువ సరిగ్గా హద్దు అంచు మీద ఉంది కదా సార్. తిప్పినంక వచ్చే సంఖ్య కూడా అదే ఆకారాన్ని చెప్తది. పేర్లు రెండు, మనిషి ఒక్కడే. ఇగ తేడా ఎక్కడిది?"

హాల్లో ఎవరో నవ్వారు. నా థీసిస్ సగం ఆ ఫలితం మీదే నిలబడి ఉంది.

టికెట్లు ముందే కలిపి తీసుకున్నాం కాబట్టి తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చింది. మేడ్చల్ దాటాక అడిగాను.

"గదిల చెప్పొచ్చు కదరా. అందరి ముందట గట్ల ఇజ్జత్ తీస్తవా?"

"చెప్పిన అన్నా. అంచు జర చూస్కో అన్న. కింద డ్రమ్ము చప్పుడుకు ఏం వినస్తలేదన్నవు."

"మల్ల చెప్పాలె."

"చెప్దామనే వచ్చిన. మొదటి స్లైడ్ మీద ఒక్క పేరే ఉండె. ఓహో, మనం బయటోళ్లం అనుకున్న. బయటోళ్లు ప్రశ్నలే అడుగుతరు."

స్థలం సరిపోలేదని చెప్పబోయాను. నిజానికి వాడి పేరు టైపు చేసి, కాసేపు చూసి, తీసేశాను. అయినా ఆ దారి పొడుగునా నాకు కనిపించింది వాడి ద్రోహమే. ఒకే గిన్నెలో వండుకుని తిన్నవాడు నన్ను నిలబెట్టి కొట్టాడు. ముందు నేనే కొట్టానని ఒప్పుకున్నాక కూడా ఆ నొప్పి పూర్తిగా పోలేదు.

డిచ్‌పల్లిలో వాడు బ్యాగు అందుకున్నాడు. కొన్నాళ్లు యూనివర్సిటీ హాస్టల్లో ఉంటానన్నాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"నువ్వు గూడ దిగరాదు. చాయ్ తాగి పోదువు."

"బస్సు పోతది," అన్నాను.

ఆ రోడ్డు మీద ఆర్మూరు వెళ్లే బస్సులకు ఏ వేళా కొదువ లేదు.